ఫ్రాన్స్ పల్లె దారుల్లో సైకిల్ ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే జూన్‌లో రెండు వారాల పాటు ఫ్రాన్స్‌లో సైకిల్ మీద తిరగాలని నేనూ నా మిత్రుడూ నిశ్చయించుకున్నాము. పెద్ద రహదారులు మాకు వద్దు. కార్లు అరుదుగా వచ్చే పల్లె దారులను ముందుగానే పటంలో గుర్తించడం ఎలా? ఫోనులో దారి చూపే యాప్‌ను నమ్ముకుంటే సరిపోతుందా?

జవాబు: ఆ దారులు అంత విరివిగా ఎందుకున్నాయో ముందు తెలుసుకుంటే వాటిని వెతుక్కోవడం తేలికవుతుంది. ఫ్రాన్స్‌లో దాదాపు 35,000 కమ్యూన్లు, అంటే అతిచిన్న స్థానిక పాలనా విభాగాలు, ఉన్నాయి. వాటిలో అత్యధికం చిన్న పల్లెలే అయినా, ప్రతిదానికీ ఒక మేయరూ ఒక పాలకమండలీ ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్యనున్న దారులను బాగుచేసి నిలబెట్టే బాధ్యతను 1836 నాటి చట్టం ఈ కమ్యూన్లకే అప్పగించింది. అందువల్ల ఒక్కొక్క పల్లె నుంచి చుట్టుపక్కల నాలుగైదు పల్లెలకు విడివిడిగా దారులు నిలిచాయి, కాలక్రమంలో వాటిలో చాలా వాటికి తారు కూడా పడింది. ఇవాళ దేశంలోని రోడ్ల మొత్తం పొడవు సుమారు 11 లక్షల కిలోమీటర్లు కాగా, అందులో దాదాపు 7 లక్షల కిలోమీటర్లు కమ్యూన్లవే. దూరం వెళ్లే కార్లూ లారీలూ పెద్ద రోడ్లు పట్టుకుని పోతాయి కనుక, ఈ దారుల మీద మీకు ఎదురయ్యేవి ట్రాక్టర్లు, తపాలా వ్యాను, బడి బస్సు, ఆ ఊరివాళ్ల కార్లు మాత్రమే.

రోడ్డు పేరులోని మొదటి అక్షరం చాలా సంగతులు చెబుతుంది. ‘ఎ’ అంటే మోటారు మార్గం, అక్కడ సైకిలుకు ప్రవేశం లేదు. ‘ఎన్’ అంటే జాతీయ రహదారి, దానికి దూరంగా ఉండండి. ‘డి’ అంటే జిల్లా రోడ్డు, ‘సి’ అంటే కమ్యూన్ దారి. జిల్లా రోడ్లలో అంకె పెరిగేకొద్దీ రోడ్డు చిన్నదవుతుందని స్థూలంగా అనుకోవచ్చు, డి 12 కంటే డి 237 ప్రశాంతంగా ఉండే అవకాశమే ఎక్కువ. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా పాటించేవారు ఒకచోట మోసపోతారు. 2006 ప్రాంతంలో వేల కిలోమీటర్ల జాతీయ రహదారులను ప్రభుత్వం జిల్లాలకు బదిలీ చేసినప్పుడు వాటిలో చాలా వాటికి పెద్ద అంకెలు ఇచ్చారు. లోట్ జిల్లాలోని డి 820, లువారే జిల్లాలోని డి 2020 రెండూ ఒకనాటి ఎన్ 20 రహదారి ముక్కలే, సోన్-ఎ-లువార్ జిల్లాలోని డి 906 పాత ఎన్ 6. కాబట్టి అంకె 800, 900లలో ఉన్నా, నాలుగంకెలున్నా పటంలో దాని రంగు చూడనిదే ఎక్కవద్దు. జిల్లా సరిహద్దు దాటగానే అదే రోడ్డు అంకె మారిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం, మలుపు తప్పామేమోనని చాలామంది అక్కడే ఆగి వెనక్కి తిరుగుతారు.

కాగితపు పటం కొనుక్కోమని నేను గట్టిగా చెబుతాను. మిషెలిన్ పటాల్లో ఎరుపు ముఖ్యమైన రోడ్డు, పసుపు రెండవ స్థాయి రోడ్డు, తెలుపు మిగిలిన చిన్న దారి. మీ ప్రయాణమంతా తెల్ల గీతల మీద సాగాలి, తప్పనిసరైతే కొద్ది దూరం పసుపు మీద. పక్కన ఆకుపచ్చ చార ఉన్న రోడ్డు చూడదగిన ప్రకృతి గలదని అర్థం, కానీ అది చూడాలని కార్లవాళ్లకూ ఉంటుంది కనుక ఎండాకాలం సెలవుల్లో అలాంటి రోడ్డు ఖాళీగా ఉంటుందని ఆశించకండి. రోడ్డుకు అడ్డంగా కనిపించే చిన్న బాణపు గుర్తులు ఎక్కుడును సూచిస్తాయి: ఒకటుంటే 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించిన ఏటవాలు. బాణం మొన ఎత్తు వైపు చూస్తుంది. ఇంకా సూక్ష్మంగా చూడదలచుకుంటే ఫ్రాన్స్ భౌగోళిక సంస్థ అయిన ఐజీఎన్ పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తాయి.

యాప్ పనికిరాదని అనను. అయితే సైకిలు దారి అడిగితే అది తారు దారికీ పొలాల మధ్య మట్టి బాటకూ తేడా గుర్తించలేక, సన్నని టైర్లున్న మీ సైకిలును దున్నిన చేను గట్టు మీదికి తీసుకుపోవచ్చు. ముందురోజు సాయంత్రం పటం మీద ఊరూరూ కలుపుతూ దారి గీసుకుని, అనుమానమున్న చోట ఉపగ్రహ చిత్రం చూసుకుని, ఆ తర్వాత దాన్ని ఫోనులోకి ఎక్కించుకోవడం మేలైన పద్ధతి. నీలి పలక మీద తెల్లని గీత పైన ఎర్రని అడ్డుపట్టీ కనిపిస్తే ఆ దారి ముందు ఎక్కడో ముగిసిపోతుందని అర్థం.

ప్రశ్న: ఒక చిన్న ఊరి నడుమ తిన్నగా వెళ్తుండగా కుడి చేతి వైపు సందులోంచి ఒక కారు ఆగకుండా నా ముందుకు వచ్చేసింది. నేను బ్రేకులు గట్టిగా నొక్కి ఎలాగో నిలదొక్కుకున్నాను. పైగా ఆ కారాయన నన్నే కోపంగా చూశాడు. తప్పు ఎవరిది?

జవాబు: నిజం చెప్పాలంటే, ఆ కూడలి దగ్గర ఏ పలకా లేకపోయి ఉంటే తప్పు మీదే. ఫ్రాన్స్‌లో వేరే సూచన లేని ప్రతి కూడలిలోనూ కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి. మీరున్న రోడ్డు వెడల్పుగా ఉండి అవతలిది ఇరుకు సందైనా ఈ నియమం మారదు. ఇది సైకిలుకూ వర్తిస్తుంది.

ఊళ్ల బయట ఈ చిక్కు అంతగా రాదు, ఎందుకంటే పెద్ద రోడ్డు మీద పసుపు వజ్రాకారపు పలక ఉంటుంది, అది కనిపించినంత మేర ముందు వెళ్లే హక్కు మీది. అదే పలక మీద నల్లని అడ్డగీత పడితే ఆ హక్కు అక్కడితో ఆఖరు. చాలామంది ఈ రెండో పలకను పట్టించుకోరు. ఎర్ర అంచు త్రిభుజంలో గుణకారపు గుర్తు ఉంటే రాబోయే కూడలిలో కుడివైపు వారికి దారి ఇవ్వాలని ముందస్తు హెచ్చరిక. ఎర్ర అంచుతో ఊరి పేరున్న తెల్ల పలక దాటగానే వేగం తగ్గించి, చేతులు బ్రేకుల మీద ఉంచి, ప్రతి కుడి సందు లోపలికీ చూస్తూ పోవడం అలవాటు చేసుకోండి. ఇళ్ల గోడలు రోడ్డును ఆనుకునే ఉంటాయి కనుక కారు ముందుభాగం బయటికి వచ్చేదాకా కనబడదు. మట్టి బాట నుంచో ఇంటి ఆవరణ నుంచో వచ్చే వాహనానికి మాత్రం ఈ హక్కు లేదు, అదే ఆగాలి. గుండ్రని కూడళ్లలో చాలావరకు లోపల తిరుగుతున్నవారికే ముందు హక్కు అని ప్రవేశం దగ్గరే రాసి ఉంటుంది.

ప్రశ్న: ఇద్దరం పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకుంటూ వెళ్లవచ్చా? వెనక కారు వస్తే ఏం చేయాలి?

జవాబు: వెళ్లవచ్చు. ఇద్దరికి మించి పక్కపక్కన వెళ్లకూడదు. చీకటి పడ్డాక, లేదా వెనకనుంచి వచ్చే వాహనం దాటిపోవాలని సూచించినప్పుడు, ఒకరి వెనక ఒకరు రావాలని చట్టం చెబుతోంది. దాటిపోయే వాహనం ఊళ్లో కనీసం 1 మీటరు, ఊరి బయట 1.5 మీటర్లు ఎడం ఇవ్వాలి. ఎదుట దూరం వరకు కనిపిస్తుంటే సైకిలును దాటడానికి తెగని నడిమి గీతను తొక్కే అనుమతి కూడా 2015 నుంచి కారు నడిపేవారికి ఉంది. పల్లెల్లో ఎక్కువమంది ఈ దూరాన్ని శ్రద్ధగా పాటిస్తారు, ఇరుకు దారిలో ఓపికగా వెనకే వస్తారు కూడా. వీలైన చోట మీరు పక్కకు ఒదిగి చెయ్యి ఊపితే వారూ చెయ్యి ఎత్తి పోతారు. ట్రాక్టరు విషయంలో మాత్రం హక్కుల ఆలోచన వద్దు. వెనక కట్టిన పనిముట్టు రోడ్డంత వెడల్పు ఉంటుంది, నడిపే మనిషికి మీరు కనబడకపోవచ్చు. గట్టు మీదికి దిగి నిలబడండి.

ప్రశ్న: మొదటిసారి వెళ్లేవారికి ఏ ప్రాంతం మంచిది? అందరూ ఆగ్నేయాన ఉన్న ప్రోవాన్స్ అంటున్నారు.

జవాబు: ప్రోవాన్స్ అందమైనదే. లుబెరాన్ కొండలను చుట్టి వచ్చే సూచిక పలకల దారి, విల్-సుర్-ఓజాన్ నుంచి సో వరకు నెస్క్ లోయ అంచున సాగే డి 942, ఈ రెండూ ఎంత చెప్పినా తక్కువే. కానీ జులై, ఆగస్టుల్లో ఎండ తీవ్రత, కార్ల రద్దీ, గదుల ఖరీదు మూడూ పెరుగుతాయి. పైగా రోన్ లోయ నుంచి వీచే మిస్ట్రాల్ అనే ఉత్తర గాలి మొదలైతే ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి ఆగదు. దానికి ఎదురు తొక్కడం కొండ ఎక్కడం కంటే కష్టం.

ఖాళీ దారులే మీకు ముఖ్యమైతే జనం పలచగా ఉన్న చోటికి వెళ్లండి. ఈశాన్యంలో మ్యూజ్ జిల్లా నుంచి నైరుతిలో లాండ్ వరకు దేశాన్ని ఏటవాలుగా కోస్తూ జనసాంద్రత తక్కువగా ఉన్న ఒక పట్టీ ఉంది. క్రూజ్, కోరేజ్, కాంటాల్, లోజేర్ జిల్లాలు అందులోవే. లోజేర్‌లో చదరపు కిలోమీటరుకు సుమారు 15 మంది మాత్రమే నివసిస్తారు. అక్కడ ఉదయమంతా తొక్కినా ఎదురైన కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఇదంతా ఎత్తుపల్లాల నేల. కోరేజ్‌లో పెద్ద కొండలేవీ లేవు, కానీ వాగు వచ్చిన ప్రతిసారీ దారి లోయలోకి దిగి, మళ్లీ నిట్టనిలువుగా ఎక్కుతుంది. పటంలో 60 కిలోమీటర్లుగా కనిపించేది కాళ్లకు 90 కిలోమీటర్లంత బరువు. ఇక్కడికి తేలికగా ఎక్కించే గేర్లు లేని సైకిలు వద్దు: ముందు 34 పళ్ల చక్రం, వెనక కనీసం 32 లేదా 34 పళ్ల చక్రం ఉంటే సామానుతో కూడా కూర్చునే ఎక్కవచ్చు.

మొదటి ప్రయాణానికి నేను సూచించేది లోట్ జిల్లా, ముఖ్యంగా సెలే నది లోయ. నది వెంట దారి మెల్లగా సాగుతుంది, సున్నపురాతి కొండచరియల కింద ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఓపిక ఉన్నరోజున పైనున్న పీఠభూమి ఎక్కితే ఓక్ పొదలూ రాతి గోడలూ గొర్రెల మందలూ తప్ప మరేమీ ఉండవు. ఎక్కుళ్లు అసలే వద్దనుకునేవారు లువార్ నది దారిని ఎంచుకోవచ్చు. నెవేర్ పట్టణం సమీపం నుంచి అట్లాంటిక్ తీరం వరకు సుమారు 900 కిలోమీటర్లు పలకలతో గుర్తించిన మార్గం అది. లేదా బుర్గుండీలో జీవ్రీ నుంచి క్లూనీ వరకు పాత రైలుమార్గాన్ని మార్చి 1997లో ప్రారంభించిన 44 కిలోమీటర్ల హరిత మార్గంతో మొదలుపెట్టి, అక్కడినుంచి ద్రాక్షతోటల మధ్య పల్లె దారుల్లోకి మళ్లవచ్చు. మే, జూన్, సెప్టెంబరు అన్నిటికంటే మంచి నెలలు.

ప్రశ్న: మధ్యాహ్నం ఊరు చేరితే ఒక్క దుకాణం తెరిచి లేదు, చేతిలో నీళ్లు అయిపోయాయి. పైగా నేను శాకాహారిని. పల్లెల్లో తిండి, నీరు ఎలా సంపాదించుకోవాలి?

జవాబు: పల్లె ఫ్రాన్స్‌లో సైకిలువారిని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కొండలు కావు, గడియారం. చిన్న ఊళ్లలో దుకాణాలు 12 లేదా 12.30 గంటలకు మూసి, 2 తర్వాతే, కొన్నిచోట్ల 3 దాటాకే తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత దాదాపు ఏదీ ఉండదు. రొట్టెల దుకాణానికి వారంలో ఒకరోజు సెలవు, చాలాచోట్ల అది సోమవారం. అనేక పల్లెల్లో అసలు దుకాణమే మిగల్లేదు. కాబట్టి పటం మీద దారి గీసేటప్పుడు కిలోమీటర్లను బట్టి కాక, పదకొండున్నర లోపు ఏ ఊరి రొట్టెల దుకాణం చేరగలరో దాన్ని బట్టి రోజును విభజించుకోండి. ఆదివారపు, సోమవారపు తిండి శనివారమే సంచిలో పడాలి. భోజనశాలలో తినదలిస్తే 12 నుంచి 1.30 మధ్య కూర్చోవాలి, రెండు దాటితే వంటగది మూతపడుతుంది.

నీటికి మీరు ఊహించని చోటు ఒకటి ఉంది: ఊరి శ్మశానవాటిక. సమాధుల మీద పూలకు నీళ్లు పోయడానికి అక్కడ దాదాపు ఎప్పుడూ ఒక కుళాయి ఉంటుంది. పెద్ద ఊళ్లలో చర్చి పక్కనో సంత మైదానంలోనో కుళాయిలు కనిపిస్తాయి. ‘ఓ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగునీరు, దానికి ముందు ‘నాన్’ అన్న మాట ఉంటే తాగకూడదు. కుళాయి మీద ఏమీ రాసి లేక అనుమానమనిపిస్తే, తోటలో పనిచేస్తున్నవారికి బోన్‌జూర్ చెప్పి ఖాళీ సీసా చూపించండి, లోపలికి తీసుకెళ్లి నింపి ఇస్తారు. ఆ పలకరింపు లేకుండా నేరుగా అడగడాన్ని మాత్రం అక్కడ మర్యాదగా భావించరు.

శాకాహారులకు రొట్టె, జున్ను, టమాటాలు, పండ్లు, గింజలు ఎక్కడైనా అండగా ఉంటాయి. గుడ్డు తినేవారికి ఆమ్లెట్ ప్రతి చిన్న భోజనశాలలోనూ దొరుకుతుంది. వేడి మేక జున్ను వేసిన సలాడ్ మంచి భోజనమే, అయితే సలాడ్లలో, క్విష్ అనే ఉప్పు పైలో పంది మాంసపు చిన్న ముక్కలు వేయడం సర్వసాధారణం. వాటిని ‘లార్దోన్’ అంటారు, కనుక అవి వద్దని ముందే చెప్పాలి. దక్షిణ-మధ్య ఫ్రాన్స్‌లోని ఒబ్రాక్ పీఠభూమికి వెళ్తే బంగాళాదుంప ముద్దలో తాజా జున్ను కలిపి తీగలుగా సాగేలా చేసే ‘అలిగో’ తప్పక అడగండి, పక్కన వడ్డించే సాసేజ్ వద్దంటే సరిపోతుంది. సంప్రదాయ జున్నుల్లో చాలావాటికి దూడ పొట్టనుంచి తీసిన ఎంజైమ్ వాడతారని, నిష్ఠగా ఉండేవారు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోవాలని చెప్పడం నా బాధ్యత.

సేంట్ ఎత్యెన్ పట్టణానికి చెందిన పోల్ ద వీవీ (1853–1930) ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్రలకు ఆద్యుడిగా పేరు పొందాడు. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి అన్నది ఆయన తన అనుచరులకు పెట్టిన నియమాల్లో ఒకటి. మధ్యాహ్నం మూతపడే ఊళ్ల నడుమ తిరిగేవారికి అంతకంటే అవసరమైన నియమం లేదు.

ప్రశ్న: రేసింగ్ సైకిలుకున్న 23 మిల్లీమీటర్ల టైర్లతో వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు కానీ సుఖపడరు. కమ్యూన్ దారుల్లో చాలా వాటిని తారు చిమ్మి దాని మీద కంకరపొడి పరిచే పద్ధతిలో మరమ్మతు చేస్తారు, ఆ ఉపరితలం గరుకుగా ఉండి చేతులనూ నడుమునూ అలసిపోయేలా చేస్తుంది. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు వేసి గాలి కాస్త తగ్గిస్తే రోజు చివర తేడా మీకే తెలుస్తుంది. ఈ మరమ్మతులకు వేడి, పొడి వాతావరణం కావాలి కనుక అవి ఎండాకాలంలోనే జరుగుతాయి. ‘గ్రావియోన్’ అని రాసిన పలక కనిపిస్తే అంటుకోని చిన్నరాళ్లు రోడ్డు మీద పరుచుకుని ఉన్నాయని అర్థం. దిగుడు మలుపులో అవి చక్రాన్ని ఒక్కసారిగా జార్చేస్తాయి, అందుచేత మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టుకోకుండా, కార్ల చక్రాలు ఊడ్చిన సన్నని జాడలో పోవాలి. రోడ్డు మూసివేశామన్న పలక ఎదురైతే పక్కదారి పట్టేముందు దగ్గర్లో ఎవరినైనా అడగండి. కొన్నిసార్లు సైకిలు నడిపించుకుని దాటవచ్చు, వంతెన పనైతే మాత్రం కుదరదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. హెల్మెట్ తప్పనిసరా? ఇంకా ఏ నియమాలు పాటించాలి?

జవాబు: 12 ఏళ్ల లోపు పిల్లలకు 2017 మార్చి నుంచి తప్పనిసరి. పెద్దలకు చట్టం లేదు, అయినా పెట్టుకోండి. రాత్రివేళ గాని వెలుతురు చాలనప్పుడు గాని ఊరి బయట మెరిసే చొక్కా వేసుకోకపోతే 35 యూరోల జరిమానా. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోలు. గంట ఉండాలి, చీకట్లో ముందూ వెనకా దీపాలు వెలగాలి. సైకిలు బొమ్మ ఉన్న నీలి పలక గుండ్రంగా ఉంటే ఆ సైకిలు దారినే వాడాలి, చతురస్రంగా ఉంటే అది మీ ఇష్టం.

ప్రశ్న: పారిస్ నుంచి ఈ పల్లెలకు సైకిలును రైల్లో తీసుకెళ్లడం ఎలా?

జవాబు: ‘టీఈఆర్’ అనే ప్రాంతీయ రైళ్లలో సైకిలును విప్పకుండా ఎక్కించవచ్చు. నియమాలు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటాయి, ఎండాకాలంలో రద్దీ మార్గాల్లో ముందుగా స్థలం కేటాయించుకోవలసి రావచ్చు. వేగంగా వెళ్లే టీజీవీ రైళ్లలో కొన్నింటికే సైకిలు స్థలాలున్నాయి. మిగిలిన వాటిలో చక్రాలు విప్పి 130 × 90 సెంటీమీటర్లకు మించని సంచిలో పెడితే సామానుగా అనుమతిస్తారు. నిదానమైన రైళ్లు రెండు మారవలసి వచ్చినా సరే, సైకిలు విప్పే పని లేని ప్రయాణాన్నే నేను ఎంచుకుంటాను.

ప్రశ్న: మాకు అక్టోబరులో తప్ప సెలవు దొరకదు. అప్పుడు వెళ్తే ఏమైనా ఇబ్బందులున్నాయా?

జవాబు: అక్టోబరు చక్కని నెల, ముఖ్యంగా దక్షిణాన. పగలు తగ్గుతుంది కనుక దూరం తగ్గించుకోండి, మంచు పొగకు దీపాలు పగలే వెలిగించుకోండి. ఉత్తరాదిలో అది చక్కెర దుంపలు తవ్వే కాలం. పొలాల నుంచి వచ్చే బళ్ల చక్రాలు రోడ్డంతా బంక మట్టి పరుస్తాయి, దాని మీద చిన్న వాన పడినా సైకిలు నిలవదు. అడవి ప్రాంతాల్లో వేట కాలం కూడా సాధారణంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగుతుంది. వేట జరుగుతోందన్న పలక రోడ్డు పక్కన కనిపిస్తే దారి మూసినట్టు కాదు, కానీ బెదిరిన అడవిపంది గాని కణుజు గాని ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకవచ్చు. ముదురు నారింజ రంగు చొక్కా వేసుకుని, నిదానంగా సాగుతూ, అలాంటి చోట రోడ్డు వదిలి చెట్లలోకి నడవకుండా ఉంటే చాలు.